రాతిగోడకు గ్లూకోజ్ ఎక్కించిన కథ: కార్స్టన్ ట్యూబ్ రివ్యూ

"ఏంది అల్లుడూ, గోడకు గ్లూకోజ్ ఎక్కిస్తున్నవా?" అని మా మామ అనేసరికి గుడి అరుగు మీద కూర్చున్న నలుగురూ పకపకా నవ్వారు. వాళ్ళ తప్పేం లేదు. శివాలయం గోడకు గాజు గొట్టం అతికించి, సిరంజితో అందులో నీళ్ళు పోసి, ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి, దాని ముందు గొంతుక్కూర్చుని కళ్ళార్పకుండా చూసే మనిషి కనపడితే నాకైనా నవ్వే వస్తుంది. ఆ గొట్టాన్ని కార్స్టన్ ట్యూబ్ అంటారు. పదకొండు నెలలుగా వాడుతున్నాను. గుడి జీర్ణోద్ధరణ కమిటీల్లో ఉన్నవాళ్ళకీ, పాత రాతి ఇళ్ళున్నవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నా. వస్తువు ఎలా ఉందో చెప్తాను, అది మాతో ఏం చేయించిందో కూడా చెప్తాను. ఎందుకంటే నా దృష్టిలో దీని అసలు ఉపయోగం కొలవడం కాదు, తొందరపడి లక్షలు తగలేసే మనుషుల్ని రెండు నెలలు ఆపడం.

ముందు వస్తువు. చూడ్డానికి పాత సినిమాల్లో జమీందారు నోట్లో పెట్టుకునే పైపులా ఉంటుంది. కింద గిన్నెలాంటి గుండ్రటి మూతి, దాని పక్క నుంచి నిలువుగా లేచే సన్న గొట్టం, గొట్టం మీద 0 నుంచి 4 మిల్లీలీటర్ల దాకా గీతలు. మూతి వెడల్పు దాదాపు పది రూపాయల బిళ్ళంత. మూతి అంచుకు పుట్టీ రాసి గోడకు నొక్కాలి, పైనుంచి సున్నా గీత దాకా నీళ్ళు నింపాలి, ఐదు నిమిషాలకు, పదికి, పదిహేనుకు, అరగంటకు, గంటకు నీళ్ళు ఎంత దిగాయో రాసుకోవాలి. అంతే సంగతి. బ్యాటరీ లేదు, యాప్ లేదు, బ్లూటూత్ లేదు. ఆ దిగిన నీళ్ళన్నీ రాయి తాగిన నీళ్ళు. 1980లో రైలెం అనే అంతర్జాతీయ సంస్థ పాత కట్టడాల రాళ్ళ కోసం వేసిన కమిటీ ఈ పద్ధతిని కాగితం మీద పెట్టింది, అప్పటి నుంచి పెద్దగా మారింది లేదు.

చిన్న గొట్టమే కానీ తెలివైనది. నింపినప్పుడు నీటి ఎత్తు మూతి మధ్య నుంచి పది సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. ఆ ఎత్తు నీళ్ళు రాతిని ఎంత బలంగా నొక్కుతాయో లెక్క కడితే, గంటకు 140 కిలోమీటర్ల గాలితో కొట్టే వానజల్లు గోడను నొక్కినంత. అంటే తుఫాను వానను పది రూపాయల బిళ్ళంత చోట తెచ్చి పెట్టి చూస్తున్నాం అన్నమాట. వాన కోసం ఎదురు చూడక్కర్లేదు.

ఇక నాకెందుకు అవసరం పడిందంటే. మాది హన్మకొండకు ఓ గంట దూరంలో ఊరు. శివాలయం కాకతీయుల నాటిదని పెద్దలు చెప్తారు, శాసనం ఏదీ లేదు, పురావస్తు శాఖ జాబితాలో కూడా లేదు, కాబట్టి బాగుచేసినా పాడుచేసినా ఊరిదే బాధ్యత. గోడలు ఎర్రటి ఇసుకరాయి, లోపల నాలుగు స్తంభాలు మాత్రం నల్లరాయి. నల్లరాయి స్తంభాల్లో ఇప్పటికీ ముఖం కనిపిస్తుంది. గోడల కింది రెండు వరుసలు మాత్రం చేత్తో తుడిస్తే పొడి పొడిగా రాలేవి. పొద్దున ఊడిస్తే సాయంత్రానికి గోడ వెంబడి సన్నగా ఎర్రగీత, ఎవరో కుంకుమ పోసినట్టు. అయ్యగారు రోజూ అదే ఊడ్చేవారు.

దీనికి ముందు ఒక ఘనకార్యం జరిగింది. ఏడేళ్ళ కింద ఒక కాంట్రాక్టరు వచ్చి (పేరెందుకులెండి, ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలీదు) గోడ రాళ్ళ సందుల్లో ఉన్న పాత డంగు సున్నం (ఇసుక కలిపి రుబ్బిన సున్నం) గీకేసి సిమెంటు పూశాడు, గోడను ఆనుకుని చుట్టూ నాలుగడుగుల కాంక్రీటు వేసి పైన టైల్స్ పరిచాడు. ప్రదక్షిణకు కాళ్ళు కాలకుండా ఉంటాయని అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా. సివిల్ డిప్లొమా చదివి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సైట్లు చూసుకునే మనిషిని, నాకు సిమెంటు తప్ప వేరే లోకం ఏం తెలుసు అప్పుడు.

పోయిన జనవరిలో ఇంకొకాయన వచ్చాడు, రాతికి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేస్తామని. డెమో మాత్రం అదరగొట్టాడు. సంచిలోంచి రెండు ఇటుకలు తీశాడు, ఒకటి మామూలుది, ఇంకోటి కోటింగ్ వేసింది, రెండింటి మీదా చెంబుతో నీళ్ళు పోశాడు. కోటింగ్ ఇటుక మీద నీళ్ళు చామాకు మీద బొట్లలా గుండ్రంగా జారిపోయాయి. కమిటీ ఫ్లాట్. చదరపు అడుగుకు 85 రూపాయలు, మా గోడలన్నీ కలిపి 2,200 అడుగులు, అంటే 1,87,000. చందాలు రాయడం కూడా మొదలైంది. నాకే ఎక్కడో చిన్న అనుమానం. వాన పడేది గోడంతా కదా, మరి కింది రెండు వరుసలే ఎందుకు రాలుతున్నాయి? ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు, "కోటింగ్ వేశాక అదే ఆగిపోద్ది సార్" అన్నాడు. నేను మామను బతిమాలి రెండు నెలలు గడువు తీసుకున్నాను. అదిగో, అప్పుడు కొన్నాను ఈ ట్యూబ్.

ఆన్‌లైన్‌లో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒకచోట దొరికింది. గోడకు పెట్టేవి రెండు, పుట్టీ డబ్బా ఒకటి, చిన్న సిరంజి, ఒక జిరాక్స్ కాగితం, అన్నీ కలిపి 3,800. పార్సిల్ విప్పితే ఒక గొట్టం మెడ దగ్గర విరిగి ఉంది. థర్మాకోల్ లేదు, బబుల్ షీటు ఒక్క చుట్టు. ఫోన్ చేస్తే "మేం బాగానే పంపాం సార్, మీరు తీసేటప్పుడు విరిగిందేమో" అన్నారు. ఫొటోలు పంపి, నాలుగుసార్లు ఫోన్ చేసి, 19 రోజులకు ఇంకోటి తెప్పించుకున్నాను. వస్తువు బాగుంది, సర్వీసు మాత్రం వద్దు బాబోయ్. ఇంకో సంగతి, వీటిలో రెండు రకాలుంటాయి, నిలువు గోడకు పెట్టేది వేరు, నేల మీదా అరుగు మీదా నిలబెట్టేది వేరు. ఆర్డర్ చేసేటప్పుడు చూసుకోండి, జిరాక్స్ కాగితంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

అన్నిటికంటే చిరాకు పెట్టింది పుట్టీ. వాళ్ళిచ్చిన పుట్టీలో నూనె ఉంది. మొదటిసారి తూర్పు గోడ మీద, అదీ అందరికీ కనపడే చోట అతికించాను, తీసి చూస్తే ఇసుకరాయి మీద గుండ్రంగా నల్లటి నూనె మరక. పదకొండు నెలలైనా పోలేదు. అయ్యగారు రోజూ దాన్ని చూసి నన్ను చూస్తారు. ఏమీ అనరు, అదే ఇంకా ఇబ్బంది. రాతి మీద ఏది పెట్టినా ముందు ఎవరికీ కనపడని మూల చూసుకోవాలన్న బుద్ధి నాకు అప్పుడు లేకపోయింది. తర్వాత పోస్టర్లు అంటించడానికి వాడే తెల్లటి జిగురు ముద్ద వాడాను, మరక పడలేదు. పొడి రాలే రాతికి మాత్రం ఏదీ అంటుకోదు, మెత్తటి బ్రష్‌తో తుడిచి, మళ్ళీ తుడిచి, అదృష్టం ఉంటే నిలబడుతుంది. పైగా ఏప్రిల్ ఎండకు పదకొండు దాటితే ముద్ద మెత్తబడి గొట్టం మెల్లగా కిందికి జారుతుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే పని. జారి పడబోతున్న గాజు గొట్టాన్ని పట్టుకోబోయి టెన్షన్‌తో ఒకసారి అరటిపళ్ళ పళ్ళెం తన్నేశాను కూడా.

ఇక కొలతలు. మార్చి రెండో వారంలో మొదలుపెట్టాను, వానలు పోయి నాలుగైదు నెలలైంది. ముందు నల్లరాయి స్తంభం. అరగంట చూశాను, నీళ్ళు సున్నా గీత మీద నుంచి కదిలితే ఒట్టు. గంట అయ్యింది, అంతే. తర్వాత దక్షిణపు గోడ, నడుం ఎత్తులో ఇసుకరాయి, పదిహేను నిమిషాల్లో 2.6 మిల్లీలీటర్లు తాగింది. చూరు కింది వరుస, ఎండా వానా ఎక్కువ తినే చోటు, ఆరు నిమిషాలకే గొట్టం ఖాళీ. సిమెంటు సందు మీద మధ్యలో పెడితే పెద్దగా దిగలేదు, నేను సంతోషించబోయాను, కానీ గొట్టాన్ని అర అంగుళం పక్కకు జరిపి సిమెంటూ రాయీ కలిసే అంచు మీద పెడితే 40 సెకన్లలో మొత్తం మాయం. కంటికి కనపడని వెంట్రుకంత చీలిక. సిమెంటు గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది, ఎండకు రాయితో సమానంగా సాగదు, ఆ అంచు దగ్గర వదిలేస్తుంది. లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావాలంటే మళ్ళీ ఆ సందులోంచి రాలేవు, సిమెంటు గాలి ఆడనివ్వదు. పాత డంగు సున్నం అయితే చెమ్మ దాంట్లోంచి ఆరిపోయేది, అరిగితే సున్నం అరిగేది, రాయి మిగిలేది. ఇప్పుడు తలకిందులైంది, సందులు కొత్తగా నిలబడి రాళ్ళు అరిగిపోతున్నాయి. మా గోడ చూస్తే మీకే అర్థమవుతుంది, సిమెంటు గీతలు పలక మీద గళ్ళలా బయటికి పొడుచుకొచ్చి, రాళ్ళు లోపలికి దిగిపోయి.

ఆ తర్వాతే నేను బోల్తా పడ్డాను. రాలిపోతున్న కింది వరుస మీద ఎలాగో గొట్టం నిలబెడితే పదిహేను నిమిషాలకు 0.4 దిగింది. పైన నిక్షేపంగా ఉన్న రాయేమో 2.6 తాగుతోంది, కింద పొడై రాలే రాయి 0.4! ట్యూబ్ చెప్పేదాని ప్రకారం కింది రాయే మంచి రాయి. జిరాక్స్ కాగితం కూడా అంతే, తక్కువ తాగితే మంచిది అని ఒక్క ముక్క. నేను నోట్‌బుక్‌లో రాసుకుని, కోటింగ్ వేయాల్సింది పైన అన్నమాట అనుకుంటూ కూర్చున్నాను.

పక్క వీధిలో ఉండే ముసలి వడ్డెర మేస్త్రి వచ్చి కాసేపు చూశాడు. చేతిలో ఉన్న చిన్న సుత్తితో పై రాతిని తట్టాడు, టంగుమంది. కింది రాతిని తట్టాడు, దబ్బుమంది. "ఇది సచ్చిన రాయి సారూ. కడుపు నిండినోనికి నీళ్ళిస్తే తాగుతడా?" అన్నాడు. ఒక్క నిమిషం నా డిప్లొమా గాల్లో కలిసిపోయింది. నిజమే కదా, ఆ రాయి అప్పటికే నీళ్ళతో నిండి ఉంది, ఇంకేం తాగుతుంది! ఆ రాత్రి కింది వరుస మీద ఒక పాలిథీన్ కవరు పరిచి నాలుగంచులా టేపు వేశాను, పొద్దున తీస్తే కవరు లోపలి వైపు చెమట పట్టినట్టు బొట్లు. పైన గోడకు వేసిన కవరు పొడిగా ఉంది. రెండూ కలిపి పది రూపాయల ఖర్చు. 3,800 పెట్టిన గొట్టం చెప్పలేనిది పది రూపాయల కవరు చెప్పింది, మేస్త్రి సుత్తి అంతకంటే ముందే చెప్పింది.

అయితే ట్యూబ్ దండగా అంటే కాదు. ఒంటరిగా నమ్మితే మోసం చేస్తుంది, అంతే. పైన 2.6, కింద 0.4 అన్న తేడా లేకపోతే నేను కవరు వేసేవాణ్ణే కాదు.

చెమ్మ ఎక్కడిదో ఇప్పుడు తేలిపోయింది. నేలలోంచి. భూమిలో తడి రాతిలోని సన్న రంధ్రాల్లోంచి పైకి ఎక్కుతుంది, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు. ఇదివరకు గోడ చుట్టూ మట్టి నేల ఉండేది, తడి అక్కడే ఆవిరైపోయేది. మనం కాంక్రీటు వేసి టైల్స్ పరిచి మూత పెట్టేశాం, దానికి మిగిలిన దారి గోడ ఒక్కటే. ఎక్కిన నీళ్ళు ఆరిపోతాయి, కానీ వాటితో వచ్చిన ఉప్పు ఎక్కడికీ పోదు. ఉప్పంటే వంటింటి ఉప్పొక్కటే కాదు, భూమిలో చవుడు, మేకలు కట్టేసిన చోటి మూత్రం, గబ్బిలాల రెట్టలు, సిమెంటులోంచి కరిగొచ్చే సల్ఫేట్లు. నీళ్ళు ఆరే చోట ఆ ఉప్పు రవ్వలు కడుతుంది. రాతి పైమీదే కడితే తెల్లటి పూత, తుడిస్తే పోతుంది. ఒక పొర లోపల కడితేనే గొడవ, ఆ రవ్వలు పెరిగే కొద్దీ ఇసుకరాతిలోని ఇసుక గింజల్ని ఒకదాన్నుంచి ఒకదాన్ని తోసేస్తాయి. సోడియం సల్ఫేట్ అని ఒకటుంది, పొడిగా ఉన్నప్పుడు ఒక సైజు, నీటిని పట్టుకుని కొత్త రవ్వ కట్టినప్పుడు దాదాపు నాలుగింతలు. రాతి రంధ్రంలో ఇరుక్కుని నాలుగింతలకు ఉబ్బితే రాయి ఏం కావాలి? మామూలు ఉప్పు కూడా, గాలిలో తేమ 75 శాతం దాటితే కరిగి, తగ్గితే మళ్ళీ రవ్వ కడుతుంది, మన దగ్గర శ్రావణం నుంచి కార్తీకం దాకా రాత్రీ పగలూ అదే ఆట. వాన పడనక్కర్లేదు. వానే శత్రువు అనుకుని గోడకు గొడుగు పట్టబోయాం మేం.

నల్లరాయి స్తంభాలకు ఇదేమీ పట్టదు, ఎందుకంటే దానికి రంధ్రాలు దాదాపు లేవు, ట్యూబ్‌లో సున్నా కదలకపోవడం అదే. ఈ తేడా కళ్ళారా చూడాలంటే మాకు దగ్గర్లోనే రామప్ప ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, రామప్ప అనగానే అందరూ నీళ్ళలో తేలే ఇటుకల గురించే మాట్లాడతారు కానీ నాకు ఇప్పుడు ఇంకోటి కనిపిస్తుంది. బయటి గోడలు ఎర్ర ఇసుకరాయి, చూరు కింద నిలబడ్డ మదనికలు (నాట్యగత్తెల శిల్పాలు) నల్లరాయి. ఎనిమిది వందల ఏళ్ళ ఎండా వానా రెండింటి మీదా పడింది. మదనికల మెడలో గొలుసు పూసలు లెక్కపెట్టొచ్చు, ఇసుకరాతి మీద చాలాచోట్ల బొమ్మల అంచులు అరిగి మెత్తబడ్డాయి. పోయినసారి వెళ్ళినప్పుడు నా చేతులు దురదపెట్టాయి, సంచిలో ట్యూబ్ కూడా ఉంది, కానీ పొరపాటున కూడా అలాంటి పని చేయకండి, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, 1958 చట్టం ఉంది, పర్మిషన్ లేకుండా గొట్టం కాదు కదా స్టిక్కర్ అంటించినా నేరమే. నూనె మరక సంగతి చెప్పాను కదా. కళ్ళతో చూసి రండి చాలు.

కోటింగ్ ఆయన మీద నాకు పగేం లేదు, అందుకే న్యాయంగా పరీక్ష పెట్టాం. మే నెలలో దక్షిణపు గోడ మీద ఒక గజం, కింది వరుస మీద ఒక గజం, ఆయన చేతే వేయించాం. పది రోజులాగి ట్యూబ్ పెడితే రెండు చోట్లా గంట గడిచినా సున్నా. సరుకు దొంగ సరుకు కాదు, చెప్పిన పని చేసింది. వానాకాలం అయ్యాక చూస్తే పైన నీళ్ళు బొట్లుగా జారడం మానేశాయి, రాయి మామూలుగానే తడుస్తోంది, మామ "పోయింది, డబ్బులు మింగిండు" అన్నాడు, కానీ ట్యూబ్ పెడితే ఇంకా సున్నానే. బొట్లు జారడం పై పై షో, ఎండకు అది ముందు పోతుంది, లోపలికి ఇంకిన మందు పని చేస్తూనే ఉంటుంది. ఇటుక డెమో చూసి మురిసిపోకూడదు, బొట్లు పోయాయని తిట్టనూ కూడదు. ఇది తేల్చడానికి ఈ ట్యూబ్‌ను మించింది నేను చూడలేదు, ఫుల్ మార్కులు.

కానీ కింది గజం? డిసెంబర్‌లో చూస్తే అరచేతి సైజు పొర ఒకటి రాతి నుంచి అప్పడంలా లేచి ఉంది. వేలితో తాకాను, ఊడి చేతిలోకి వచ్చేసింది, మందం రెండు మూడు మిల్లీమీటర్లు. వెనక చూస్తే పిండి చల్లినట్టు తెల్లగా ఉప్పు. నాలుక మీద కొంచెం వేసుకున్నాను, ఉప్పూ చేదూ కలిసి ఉంది (మీరు చేయకండి, అక్కడ గబ్బిలాలున్నాయి). ఈ మందులు ఆవిరిని పోనిస్తాయని డబ్బా మీద రాసి ఉంటుంది, అది నిజమే. ఆవిరి పోతుంది, ఉప్పు కలిసిన నీళ్ళు మాత్రం మందు ఇంకిన లోతు దగ్గరే ఆగిపోతాయి. అక్కడే ఆరతాయి, అక్కడే ఉప్పును దించేసి పోతాయి. అప్పడం మందమూ మందు ఇంకిన లోతూ ఒకటే అవ్వడం కాకతాళీయం కాదు. 1,87,000 పెట్టి గోడంతా ఇదే చేసుకుని ఉండేవాళ్ళం. పైగా ఈ మందు ఒకసారి ఇంకిందా, వెనక్కి తీయడం ఉండదు.

ఇది మన ఒక్క ఊరి తెలివితక్కువతనం కాదులెండి. అజంతా నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1920లో బొమ్మల్ని కాపాడదామని ఇటలీ నుంచి చెక్కోని అనే నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన రాలిపోయే చోట్లను నిలబెట్టి మంచి పనే చేశాడు, కానీ పైన పూసిన లక్క వార్నిష్ తర్వాత పసుపెక్కి బొమ్మల్నే మసకబార్చింది, దాన్ని తీయడానికి తర్వాతి వాళ్ళు ఏళ్ళ తరబడి తిప్పలు పడ్డారు. అవి బొమ్మలు, మావి బండరాళ్ళు, కానీ మంచి ఉద్దేశంతో పూత పూయడం అన్న జబ్బు ఒకటే.

ట్యూబ్‌కు ఇంకా కొన్ని లోపాలున్నాయి. మూతి పది రూపాయల బిళ్ళంతే అయినా నీళ్ళు రాతి లోపలికి వెళ్ళాక పక్కలకు కూడా పాకుతాయి, కాబట్టి "చదరపు అడుగుకు ఇంత తాగుతుంది" అని గుణించి లెక్క చెప్పడం కుదరదు. ఒకే రాతి మీద రెండడుగుల తేడాలో 1.8 వచ్చింది, 2.9 వచ్చింది. ఒక్క రీడింగ్ పెట్టుకుని వాదించకండి, కనీసం ఐదు చోట్లా, అదే చోట మళ్ళీ ఇంకో నెలలోనూ. చెక్కడాల మీద, వంకర రాతి మీద అసలు నిలవదు. బాగా పొడి రాలే రాతి మీద తీసేటప్పుడు కొంచెం రాయి కూడా ఊడొస్తుంది, అలాంటి చోట పెట్టకపోవడమే మంచిది. దానికి స్పాంజి పద్ధతి నయం, తడి స్పాంజిని తూచి, రాతికి ఒకటి రెండు నిమిషాలు ఆనించి, మళ్ళీ తూచడం. బంగారం తూచే చిన్న త్రాసు ఉంటే ఇంట్లోనే చేయొచ్చు, జిగురు అక్కర్లేదు. ఇటలీ వాళ్ళు దీన్నే ఎక్కువ వాడతారు. చెమ్మ చూసే సూది మీటర్ కూడా కొన్నాను, అది వేరే దుఃఖం, ఉప్పున్న చోట పొడి రాతిని కూడా తడి అని చూపిస్తుంది. దాన్ని మా సైట్‌లో ఒక కుర్రాడికిచ్చేశా.

చివరికి మేం చేసిన పని చెప్తాను. కోటింగ్ మానేశాం. గోడను ఆనుకుని ఉన్న కాంక్రీటు రెండడుగుల వెడల్పున తవ్వి తీసేశాం, మొదట ఉత్తరం వైపు ప్రయోగంగా, జూన్‌లో మిగతా మూడు వైపులా. అక్కడ గులకరాళ్ళు పోసి, చూరు నీళ్ళు దూరంగా పోయేలా చిన్న కాలువ తీశాం. టైల్స్ పగలగొట్టేటప్పుడు కమిటీలో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు. సిమెంటు సందులు ఒప్పించడం ఇంకా కష్టమైంది. "సిమెంటు తీసి సున్నం పెట్టుడేంది, ఉల్టా పోతున్నవ్" అన్నాడు మామ. ఆయన్ను కారెక్కించుకుని హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధులు చూపించాను. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు అక్కడ చేసిన పనిలో ముఖ్యమైనది అదే, పోయిన శతాబ్దంలో పూసిన సిమెంటును ఓపిగ్గా గీకి తీసి మళ్ళీ సున్నం వేయడం. మామ గుమ్మటం కింద నిలబడి గోడ తడిమి చూసి, "ఇంత పెద్దోళ్ళు జేసిన్రంటే మరి జేద్దాం" అన్నాడు. ఆ ముక్క కోసం నాకు డీజిల్ 2,400 అయ్యింది. డంగు కోసం సున్నం నానబెట్టి, ఇసుక కలిపి రుబ్బించి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి ఆ వడ్డెర మేస్త్రే దగ్గరుండి వేయిస్తున్నాడు. రెండు గోడలు అయ్యాయి, రెండు మిగిలాయి.

కింది వరుస రీడింగ్ ఉత్తరం వైపు మార్చిలో 0.4 ఉండేది, కాంక్రీటు తీశాక మే చివర్లో 1.9కి పోయింది, వానలకు మళ్ళీ తగ్గి ఇప్పుడు 1.1 దగ్గర ఉంది. ఈ నంబర్లు వాట్సాప్ గ్రూపులో పెడితే "అయ్యో, ఎక్కువ తాగుతుందా, పాడైపోతుందా" అని ఫోన్లు. ఎండుతోంది కాబట్టే తాగుతోందని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక చచ్చాను. ఎర్రపొడి రాలడం ఆగిందా అంటే పూర్తిగా ఆగలేదు, లోపల ఏడేళ్ళ ఉప్పుంది, ఒక్క ఎండాకాలంలో పోదు. అయ్యగారు మాత్రం ఇప్పుడు రెండు రోజులకోసారి ఊడుస్తున్నారు.

మార్కులు వేయాలంటే ఐదుకు నాలుగు. ఒకటి పుట్టీకి కోసేశాను, ప్యాకింగ్‌కు కూడా అందులోనే కోసినట్టు. కొనేవాళ్ళు రెండు గొట్టాలు కొనండి, ఒకటి పగలడం ఖాయం, జిగురు ముద్ద విడిగా కొనుక్కోండి, కొలిచేది ఎండాకాలం పొద్దున్నే, పక్కన పాలిథీన్ కవరూ టేపూ ఉంచుకోండి, ఊళ్ళో రాయి కొట్టే పెద్దాయన ఉంటే ముందు ఆయన్ను పిలవండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, లేకపోతే నాలా 19 రోజులు ఫోన్లు చేసుకోవాలి. మా మామ ఇప్పుడు వాళ్ళింటి కొత్త గోడకు కూడా ఒకసారి "గ్లూకోజ్ ఎక్కించి" చూడమంటున్నాడు. ఆ నూనె పుట్టీ డబ్బా సగం ఇంకా నా దగ్గరే ఉంది, అక్కడ అదే వాడతా.